ఎర్గోథయోనీన్‌ని బాక్టీరియా ఎలా చేస్తాయి, గ్లూటాథయోన్ లాంటిదేనా?

రెండిట్లోనూ సల్ఫర్ ఉంది, రెండూ యాంటీఆక్సిడెంట్లే, పోలిక అక్కడితో సరి. గ్లూటాథయోన్ మన కణాలు కూడా చేసుకుంటాయి. ఎర్గోథయోనీన్ మాత్రం ఫంగస్‌లు, మైకోబాక్టీరియా, స్ట్రెప్టోమైసిస్, సయనోబాక్టీరియా లాంటివే చేస్తాయి, మనకి తిండిలోంచి రావాల్సిందే.

నేను కొన్నాళ్లు ల్యాబ్‌లో మైకోబాక్టీరియా జీన్లని ఈ.కోలై అనే వేరే బాక్టీరియాలో పెట్టి దీన్ని చేయించే పని చేశాను, కాబట్టి ఎక్కడ ఇరుక్కుంటుందో బాగా తెలుసు. ముడిసరుకు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం. ఈజీటీ-డీ అనే ఎంజైమ్ దానికి మూడు మిథైల్ గ్రూపులు తగిలిస్తే హెర్సినిన్ వస్తుంది, ఇది పెద్ద పేచీ లేకుండా అయిపోతుంది. అసలు తంటా సల్ఫర్ దగ్గరే. ముందు ఈజీటీ-ఏ అనే ఎంజైమ్ సల్ఫర్ ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని గ్లుటమేట్ అనే ఇంకో అమైనో ఆమ్లంతో జత చేస్తుంది, ఆ జంటని ఈజీటీ-బీ తీసుకెళ్లి హెర్సినిన్‌కి అతికిస్తుంది, దీనికి ఇనుమూ ఆక్సిజనూ రెండూ కావాలి, అందుకే ఫ్లాస్క్ సరిగ్గా షేక్ అవకపోతే దిగుబడి పడిపోతుంది. తర్వాత ఈజీటీ-సీ గ్లుటమేట్‌ని తీసేస్తుంది, ఈజీటీ-ఈ సిస్టీన్‌లో మిగతాది కత్తిరించి హెర్సినిన్‌కి సల్ఫర్ ఒక్కదాన్నే ఉంచుతుంది. ఈ అయిదు జీన్ల సంగతి సీబెక్ అనే శాస్త్రవేత్త 2010లో బయటపెట్టాడు, కానీ ఎర్గోథయోనీన్‌ని కనుక్కుంది మాత్రం 1909లోనే, ఎర్గాట్ అనే ఫంగస్‌లో, పేరు కూడా దాన్నుంచే.

అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్‌లో చూస్తే భలే తెలుస్తుంది. హెర్సినిన్ 198 దగ్గర, ఎర్గోథయోనీన్ 230 దగ్గర, తేడా 32, అంటే ఒక్క సల్ఫర్ పరమాణువు. మాకు 198 ఇంత ఎత్తున లేచేది, 230 చూస్తే చిన్న బొడిపె. సరే సల్ఫర్ చాలట్లేదేమోనని సిస్టీన్ ఎక్కువ పోస్తే ఈ.కోలై పెరగడమే మానేస్తుంది, దానికది విషం. థయోసల్ఫేట్ అనే సల్ఫర్ ఉప్పు ఇస్తే కణమే లోపల సిస్టీన్ చేసుకుంటుంది కాబట్టి ఆ బాధ తగ్గింది, 230 కూడా కాస్త లేచింది.

ఫంగస్‌లు ఇంకా తెలివైనవి, గ్లుటమేట్ గొడవే లేకుండా సిస్టీన్‌ని నేరుగా వాడేస్తాయి, రెండు ఎంజైమ్‌లతో పని ముగుస్తుంది. క్లోరోబియం అనే బాక్టీరియా అయితే గాలి తగలని చోట బతుకుతుంది కదా, అది ఆక్సిజన్ అవసరమే లేని వేరే దారి పట్టింది.

గ్లూటాథయోన్‌తో అసలు తేడా అంటారా, ఎర్గోథయోనీన్‌లో సల్ఫర్ ఎక్కువగా థయోన్ రూపంలో, అంటే కార్బన్‌తో డబుల్ బాండ్‌తో ఉంటుంది, అందుకే గాలికి అంత సులువుగా ఆక్సిడైజ్ అవదు. కణాల్ని 95 డిగ్రీల నీళ్లలో ఓ పది నిమిషాలు ఉంచి తీసినా చెక్కుచెదరదు, మేం చేసిన ఎక్స్‌ట్రాక్షన్ కూడా అంతే.