సమాధానం: మా సంస్థకొచ్చిన విదేశీ నిధిలోంచి కడప భాగస్వామి సంస్థకు వాటా పంపబోతే ఆడిటర్ ఎందుకు ఆపారు?

లెక్క తప్పని కాదు. మీ అనంతపురం సంస్థకొచ్చిన విదేశీ నిధిలోంచి ఇంకో సంస్థకు పంపడాన్ని 2020 సవరణతో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సెక్షన్ 7 పూర్తిగా నిషేధించింది. అందరూ పొరబడేది ఇక్కడే: అవతలివాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా కుదరదు. ఒప్పందంలో 'ఉమ్మడి కార్యక్రమం' అని ఎంత పెద్దక్షరాలతో రాసుకున్నా అంతే. మరి ఇద్దరూ కలిసి పనిచేయాలంటే ఇలా చేయండి:

1. దాతను రెండు సంస్థలతో వేర్వేరు ఒప్పందాలు చేసుకోమనండి. మహిళా రైతుల శిక్షణ మీది, భూమి పట్టాల్లో ఆడవాళ్ల పేర్లు ఎక్కించే పని కడపవాళ్లది అయితే బడ్జెట్టూ అలాగే విడగొట్టాలి.

2. ఎవరి డబ్బు వాళ్ల ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అక్కణ్ణుంచి మీరు అనంతపురంలోని వినియోగ ఖాతాకు (ఖర్చులకు వాడే ఖాతా) మార్చుకోవచ్చు. అది కొత్తదైతే 45 రోజుల్లో ఎఫ్‌సీ-6డి ఫారం వేయండి.

3. కడపవాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకుంటే వాళ్లు ఎఫ్‌సీ-3బి ఫారంతో ముందస్తు అనుమతి అడగాలి. అది వచ్చేదాకా కడప పని మీ సిబ్బందితో, మీ పేరు మీది బిల్లులతోనే నడపండి.