కుట్టుమిషన్లకు మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకోవచ్చా?

"కందుకూరులో మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. మైక్రోఫైనాన్స్ వాళ్ళు 50 వేలు ఇస్తామంటున్నారు. తీసుకుంటే పని పెరుగుతుందా?" అని అడిగారు కదా అన్నా. మాది కావలి, ఇడ్లీ దోసె పిండి అమ్ముతాను. నన్నడిగితే పెరుగుతుంది. కాకపోతే మీకు డబ్బు ఏ నెలల్లో వస్తుందో, వాయిదా ఎప్పుడు కట్టాలో ముందు చూసుకోండి.

మొదట్లో ఇంటి గ్రైండర్‌లోనే రుబ్బేదాన్ని. రెండు వాయిలు వేసేసరికి మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. డ్వాక్రా సంఘంలో నా వాటాకు వచ్చిన బ్యాంకు లోనుతో పెద్ద టిల్టింగ్ గ్రైండర్ కొన్నాక టిఫిన్ బండ్లకు కూడా వేయగలిగాను. సాయంత్రం రుబ్బిన పిండి తెల్లారేసరికి డబ్బవుతుంది కాబట్టి వాయిదాకు టెన్షన్ లేదు. బండ్ల వాళ్ళు అరువు పెడతారు. ఆదివారం లెక్క తేల్చకపోతే సోమవారం పిండి ఉండదని చెప్పేశాను. ఎండాకాలం పిండి తొందరగా పులిసిపోతుంది, ఆ బాధ వేరే.

బ్లౌజుల సంగతి అలా కాదు. శ్రావణంలో, పెళ్ళిళ్ళ సీజన్లో నిద్ర ఉండదు. ఆషాఢం, మూఢం వస్తే మిషన్ మీద గుడ్డ కప్పాల్సిందే. వాయిదా మాత్రం ఆగదు. మా వీధిలో ఒకావిడ ఇలాగే ఆ నెలల్లో వాయిదా కోసం డైలీ ఫైనాన్స్‌కు పోయింది. చేతికి 9 వేలు ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టించుకునే రకం. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు మొదలైతే మిషన్లు ఎన్నున్నా లాభం లేదు.

వడ్డీ కూడా సరిగ్గా అడగండి. "నూటికి రూపాయే" అంటారు, అంటే నెలకు వందకు రూపాయి. 50 వేలకు రెండేళ్ళు మొత్తం అసలు మీద రూపాయి వడ్డీ వేస్తే నెలకు దాదాపు 2,583 కట్టాలి. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఏడాదికి 21 శాతం దాటుతుంది. రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం ఇంట్లో అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. ముందుగా తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదు. వాళ్ళిచ్చే కాగితంలో ఇవి చూసుకుని గాని సంతకం పెట్టొద్దు.

మా నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళ పొదుపు కొత్తది కాదు. 1992 దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచుకున్న ఊళ్ళివి. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళ మీద ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా వచ్చిన గొడవలూ చూశాం. అందుకే నా ఓటు సంఘానికే. మీ ఆవిడ సంఘంలో ఉంటే ముందు బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే లోను), సంఘాల ఆడవాళ్ళకు అప్పిచ్చే స్త్రీనిధి అడగమనండి. లేకపోతే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర శిశు లోను ఉంది, 50 వేల దాకా పూచీకత్తు అడగరు. మేనేజరు తిప్పించుకుంటాడు, ఓపిక పట్టాలి.

ఏ అప్పు తీసుకున్నా ఒకేసారి రెండు మిషన్లు కొనకండి. ముందు పీకో, జిగ్‌జాగ్ చేసే మిషన్ ఒకటి కొనండి. చీరలకు ఫాల్స్, పీకో పని పెళ్ళిళ్ళు లేకపోయినా కొంత వస్తూనే ఉంటుంది. లైనింగు గుడ్డ మాత్రం అప్పు డబ్బుతో నిల్వ పెట్టొద్దు, ఆర్డరు అడ్వాన్సుతోనే తెచ్చుకోండి.