మహాకాం ఎగువ పల్లెలో తొమ్మిదో తరగతి తర్వాత

“ఇండోనేషియా వర్షారణ్యాల్లో మారుమూల పల్లెల జనం ఎలా బతుకుతారు? రోడ్డు లేని చోట పిల్లలకు భవిష్యత్తు ఉంటుందా?” అని ఒకరు నన్ను అడిగారు.

2013 నుంచి 2016 దాకా బోర్నియో దీవిలో ఇండోనేషియాకు చెందిన తూర్పు కాలిమంతాన్‌లో, మహాకాం నది ఒడ్డున ఒక బొగ్గు గనిలో సర్వేయరుగా పనిచేశాను. మాది భద్రాచలం వైపు. గోదావరి లాంచీలెక్కి పెరిగినవాణ్ణి, సెలవు దొరికితే చాలు నది పైకి పోయేవాణ్ణి. మా గని పడవ నడిపే అతని (అక్కడ ‘మోటోరిస్’ అంటారు) సొంతూరు, నది ఎగువన ఉన్న లోంగ్ బాగున్ రేవు దాటాక, రాళ్ళ మీద నీళ్ళు ఉరికే ‘రియామ్’లు కూడా దాటాక వస్తుంది. ‘లోంగ్’ అంటే ఏరొచ్చి నదిలో కలిసే చోటు. అందుకే అక్కడ సగం ఊళ్ళ పేర్లు లోంగ్‌తోనే మొదలవుతాయి. ఆ ఊరివాళ్ళు బోర్నియో ఆదివాసుల్లో ఒక జాతి, బహావు దయాక్‌లు. నాలుగుసార్లు వెళ్ళాను, ఒకసారి నెల దగ్గర దగ్గరగా ఉన్నాను.

తిండికి నేను అక్కడ లోటు చూడలేదు. కొండవాలు చదును చేసి, కాల్చి, వరి వేస్తారు. లాదాంగ్ అంటారు, మన మన్యం పోడు లాంటిదే. మగవాళ్ళు వరసగా నిలబడి కర్ర మొనతో గుంటలు పొడుస్తూ పోతుంటే, ఆడవాళ్ళు వెనకే వస్తూ గింజలు వేస్తారు. ఊరంతా ఇవాళ ఒకరి చేలో, రేపు ఇంకొకరి చేలో. నాట్లయ్యాక అరిటాకులు కట్టుకుని, కొయ్య ముఖాలు పెట్టుకుని హుదోక్ ఆడతారు, చేనుకు పురుగు పట్టకూడదని. నదిలో చేప, అడవిలో పంది, పెరట్లో కర్రపెండలం ఆకు కూర. ఇబ్బందల్లా కింది నుంచి రావాల్సిన వాటితోనే. డీజిలు, పెట్రోలు, పంచదార, సిమెంటు, మందులు అన్నీ పడవలోనే రావాలి. దిగువన లీటరుకు ఇచ్చిన డబ్బు ఆ ఊరు చేరేసరికి రెండింతలు దాటేది. అందుకే వాళ్ళు దూరాన్ని కిలోమీటర్లలో చెప్పరు, ఎన్ని లీటర్లు పడుతుందో చెబుతారు.

2015 సెప్టెంబరు సంగతి చెప్పాలి. ఎల్ నీన్యో కరువు. నది ఎంత పడిపోయిందంటే సమరిందా (దిగువన ఉన్న ప్రావిన్సు రాజధాని) నుంచి రెండు రాత్రుళ్ళు నడిచి లోంగ్ బాగున్ చేరే రెండంతస్తుల చెక్క లాంచీలు సగం దారిలోనే ఆగిపోయాయి. పొగ కమ్మేసి చిన్న విమానం కూడా రావడం లేదు. నేను మోటోరిస్ ఇంట్లో చిక్కుకుపోయాను. నాతో పాటే అతని అన్నకూతురు కూడా. పదహారేళ్ళ పిల్ల. దిగువన మెలాక్‌లో హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. అమ్మమ్మ పోతే వచ్చింది. రెండు వారాలుగా తిరుగు పడవ లేదు. సోమవారం నుంచి పరీక్షలు. నన్ను ‘ఓం’ అని పిలిచేది. అక్కడ ఓం అంటే బాబాయ్ అన్నట్టు.

గురువారం తెల్లవారుజామున పొడుగు పడవలో ఐదుగురం బయల్దేరాం. ముందు ఒకతను గెడ పట్టుకుని నిలబడి రాళ్ళు చూస్తున్నాడు. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికల్లా లోంగ్ బాగున్‌లో ఉండాలి. ఆ రోజు ప్రతి అరగంటకీ దిగి, మోకాటి లోతు నీళ్ళలో పడవను నెట్టాం. రియామ్ దగ్గర సామాను దించి, బండల మీద నడిచి, ఖాళీ పడవను తాళ్ళతో పట్టి మెల్లగా కిందికి వదిలాం. ఆ పిల్ల వీపున పేము బుట్ట. అందులో హాస్టలుకు ఇవ్వాల్సిన బియ్యం, ఇరవై కిలోలు, వాళ్ళ చేలో పండినవే. బండ మీద పాచికి కాలు జారి బుట్టతో సహా నీళ్ళలో పడింది. మోకాలు చీరుకుపోయింది. లేచి ముందు బుట్టే చూసుకుంది.

సాయంత్రం ఇంజను ఫ్యాను రాయికి కొట్టుకుని విరిగింది. గులకరాళ్ళ తిప్ప మీదే రాత్రి. తడిసిన బియ్యం తెల్లారేసరికి పాడైపోతాయని టార్పాలిన్ పరిచి, ఐదుగురం వంగి పలచగా ఆరబోశాం. ఎండ లేదు. పొగలో సూర్యుణ్ణి కళ్ళు చిట్లించకుండా చూడొచ్చు, అంత మసక. నిప్పు రాజేసి ఆ వేడికి అటూ ఇటూ తిప్పాం. “ఇంటి దగ్గర అమ్మవాళ్ళు ఇప్పుడు విత్తుతుంటారు ఓం, నేనిక్కడ ఆరబెడుతున్నాను” అంది. తర్వాత చాలాసేపటికి, “సోమవారం అందకపోతే నాన్న ఇక వద్దంటాడు” అంది. తనతో తొమ్మిది పూర్తి చేసినవాళ్ళు ఏడుగురట. పై చదువుకు కిందికి దిగింది ముగ్గురు. అందులో ఇద్దరు అప్పటికే మానేశారు.

శనివారం లోంగ్ బాగున్, ఆదివారం రాత్రి మెలాక్. పరీక్ష రాసింది.

అందుకే ఎవరైనా రోడ్డు మాట ఎత్తగానే నేను ఆగమంటాను. తొమ్మిదో తరగతి దాకా బడి దగ్గర్లో దొరుకుతోంది. ఆ పైన చదవాలంటే పదిహేనేళ్ళ పిల్ల నది దిగాలి, హాస్టలుకు కట్టాలి, ఏడాదికి రెండుసార్లు పడవ ఖర్చు పెట్టుకోవాలి. పల్లె భవిష్యత్తు తేలేది అక్కడే. ఎగువన ప్రతి మండలంలాంటి చోటా మంచి హాస్టలుతో పన్నెండో తరగతి దాకా బడి పెడితే, పదేళ్ళలో ఆ ఊళ్ళ ముఖచిత్రమే మారిపోతుంది. నాకు ఇందులో అనుమానమే లేదు. 2015 నుంచి గ్రామ నిధి పేరుతో జకార్తా నుంచి ప్రతి పల్లెకూ నేరుగా డబ్బు వస్తోంది. మంచిదే. కానీ నేను చూసిన చోట్ల ఎక్కువగా సిమెంటు బాటలే పోశారు, ఊరి ముందు కమాను కట్టారు. ఆ సిమెంటు బస్తా పైకి చేరడానికే ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

రోడ్డు ఎవరి కోసం ముందు వస్తుందో కూడా చూశాను. దుంగల లారీల కోసం, పామాయిల్ తోటల కోసం. కంపెనీవాళ్ళు తోటలో ఐదో వంతు ఊరివాళ్ళకు ఇవ్వాలని నిబంధన ఉంది. కానీ అడవి తమదని చూపడానికి ఊరి చేతిలో కాగితమేదీ? తాత నాటిన దూరియన్ పండ్ల చెట్లే వాళ్ళకు సరిహద్దు రాళ్ళు. ఆచారం ప్రకారం జాతులు అనుభవిస్తున్న అడవి ప్రభుత్వ అడవి కాదని 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. తీర్పు వేరు, మ్యాపు మీద గీత వేరు. పోడు పట్టాల కోసం మా వైపు కోయలు, కొండరెడ్లు ఆఫీసుల చుట్టూ తిరగడం చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ గీత విలువ నాకు తెలుసు. ఆ గీత గీయించగల చదువు ఊరి పిల్లలకే ఉండాలి. నాలాంటి పరాయి సర్వేయరు గీస్తే అది కంపెనీకి పనికొచ్చే గీత అవుతుంది.

ఇంకో మాట. ఆ ఏడాది పొగకంతటికీ పోడు చేసేవాళ్ళే కారణమని మా క్యాంపులో చాలామంది అనేవారు, మనవాళ్ళు కూడా. 2015లో ఇండోనేషియాలో కాలింది దాదాపు 26 లక్షల హెక్టార్లు. ఆ పొగలో పెద్ద వాటా, కాలువలు తవ్వి ఎండబెట్టిన పీట్ (కుళ్ళిన మొక్కలు పొరలుగా పేరుకున్న చిత్తడి) నేలలది. ఎకరం రెండెకరాలు కాల్చి, నిప్పు చుట్టూ కాపలా ఉండే మనిషి మీద ఆ నేరం మోపడం అన్యాయం.

“బయటి ప్రపంచం తెలియని జనం” అని వీడియోలు తీసేవాళ్ళన్నా నాకు కోపమే. ఇదే నది దిగువన మువారా కామన్‌లో, దాదాపు 1600 ఏళ్ళ కిందటి ములవర్మన్ రాజు యూప స్తంభాలు (యజ్ఞాలకు నాటిన రాతి కంబాలు) దొరికాయి. పల్లవ లిపి, సంస్కృతం. ఇండోనేషియాలో దొరికిన అతి పాత రాతలు అవే. ఇవాళ అదే నీళ్ళ మీద పంటూన్లలో దిగే బొగ్గు మన కృష్ణపట్నం లాంటి రేవులకు వస్తోంది. అదే ప్రావిన్సులో కొత్త రాజధాని కడతామని 2019లో ప్రకటించారు, తర్వాత దానికి నుసంతారా అని పేరు పెట్టారు. ఇన్ని వెళ్ళే, వచ్చే నది ఒడ్డున ఒక పిల్ల పరీక్షకు అందుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ పిల్ల పన్నెండు పాసై, సమరిందాలో మంత్రసాని కోర్సు చదివింది. ఇప్పుడు సొంతూరికి ఒక పూట పడవ దూరంలో, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తోంది. 2024 మేలో ఎగువ మహాకాం అంతా వరదలొచ్చినప్పుడు మూడు రోజులు ఫోను కలవలేదు. తర్వాత తనే మెసేజ్ పెట్టింది, మందుల పెట్టెలు అటక మీదికి ఎక్కించామని. ఏటా నాట్లకు సెలవు పెట్టి ఇంటికి వెళ్తుంది. పోయినసారి పంపిన ఫోటోలో నడుముకు విత్తనాల బుట్ట కట్టుకుని ఉంది. కింద “ఓం, ఈసారి తడవలేదు” అని రాసింది.