తమ్ముడి చెవి మెషిన్ తనే తయారు చేస్తానంటోంది, ఏ బ్రాంచ్‌లో చేర్చాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. ఇరవై ఏళ్లుగా చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాం. మా బాబుకు పుట్టుకతో వినపడదు. రెండున్నరేళ్లప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) చేయించాం. ఇప్పుడు వాడికి ఏడేళ్లు, మామూలు స్కూల్లోనే చదువుతున్నాడు. మా అమ్మాయి ప్లస్ టూ, మ్యాథ్స్ గ్రూప్. తమ్ముడికి పెట్టిన మెషిన్ లాంటివి తయారు చేసే చదువే చదువుతానని, బయోమెడికల్ ఇంజినీరింగ్ కావాలని పట్టుబట్టింది. వాళ్ల నాన్న కంప్యూటర్ సైన్స్ తప్ప వేరే మాట విననంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మంచి కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) వస్తే అందులో చేర్చండి. బయోమెడికల్ అయితే ల్యాబ్ కళ్లారా చూశాకే చేర్చండి. ఎందుకో చెప్పాలంటే ఆ మెషిన్ లోపలికి వెళ్లాలి. మీ అమ్మాయినీ పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

పొద్దున చెవి దగ్గర బయట తగిలించే ప్రాసెసర్ పెట్టగానే మీ పెదాలు బాబుకు కనపడకుండా ‘ఆ, ఊ, ఈ, ష్, స్, మ్’ అని ఒక్కొక్కటే పలికి చూస్తుంటారు కదా, థెరపీలో లింగ్ సౌండ్స్ అని నేర్పిస్తారు. మీ అమ్మాయి చదవబోయే ఇంజినీరింగ్‌లో చాలా భాగం ఆ ఆరు శబ్దాల్లోనే ఉంది. ‘మ్’ బరువైన శబ్దం, దాని బలమంతా సుమారు 250 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ‘స్’ సన్నని శబ్దం, నాలుగు వేల హెర్ట్జ్ పైమాటే. చెవి లోపల కాక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. సన్నని శబ్దాలు దాని మొదట్లోనే తెలుస్తాయి, బరువైనవి లోపలి కొసకు పోతాయి. వీణ మీద ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో స్వరం పలికినట్టు ఇక్కడ ఒక్కో చోట ఒక్కో శబ్దం. శబ్దపు అల ఈ చుట్ల వెంట ఎలా ప్రయాణిస్తుందో కనిపెట్టినందుకే గేయార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ 35 మిల్లీమీటర్ల పొడవునా సుమారు 3,500 లోపలి రోమకణాలు శబ్దాన్ని నరానికి అందిస్తుంటాయి. పుట్టుకతో వినపడని చాలామంది పిల్లల్లో లోపం ఈ రోమకణాల్లోనే ఉంటుంది, వెనకున్న నరం పనికొచ్చే స్థితిలోనే ఉంటుంది. ఇంప్లాంట్ ఆ కణాలను దాటి నరాన్నే విద్యుత్తుతో తడుతుంది. తట్టడానికి దానికున్నవి కంపెనీని బట్టి 12, 16 లేదా 22 ఎలక్ట్రోడ్లు మాత్రమే. 3,500 కణాలు చేసే పనిని 22 చుక్కలతో చేయించాలి. వీణకు 24 మెట్లే ఉన్నా విద్వాంసులు తీగను లాగి రెండు మెట్ల మధ్య గమకం పలికిస్తారు. పక్కపక్కన ఉన్న రెండు ఎలక్ట్రోడ్లకు కరెంటును పాళ్లు మార్చి పంచి, మధ్యలో మరో శబ్దం పుట్టించే పద్ధతిని ఇంజినీర్లు కూడా తెచ్చారు. అయినా సంగీతం ఇంకా సరిగా అందడం లేదు. మాట స్పష్టంగా వినే పిల్లలు కూడా రాగం దగ్గర తడబడతారు. మీ అమ్మాయి తరం చేయాల్సిన పని అక్కడ చాలా ఉంది.

ఇక ఇది ఎవరు తయారు చేశారో చూడండి. 1957లో పారిస్‌లో ఆంద్రే జూర్నో, శార్ల్ ఎరియెస్ అనే ఇద్దరు మొదటిసారి మనిషి వినికిడి నరాన్ని నేరుగా విద్యుత్తుతో ప్రేరేపించారు. ఎరియెస్ చెవి సర్జన్. 1961లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ అనే డాక్టర్ రోగులకు పరికరం అమర్చారు. శబ్దం వినిపించింది గానీ, వాడిన పదార్థం ఒంటికి పడక కొన్ని వారాల్లోనే తీసేయాల్సి వచ్చింది. ఆయన వదల్లేదు. ఇంజినీర్ జాక్ అర్బన్‌తో కలిసి ఏళ్ల తరబడి పనిచేశారు. శబ్దమంతా ఒకే దారిన పంపే ఆ ఒక్క ఛానెల్ పరికరానికి 1984లో అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది. దానితో పెదాల కదలిక చూసి మాట పోల్చుకోవడం తేలికైంది, విని అర్థం చేసుకోవడం మాత్రం ఎక్కువమందికి కుదరలేదు.

మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ సంగతి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఆయన తండ్రికి చెవుడు. మందుల షాపులో కొనడానికి వచ్చినవాళ్లు చెప్పేది వినపడక తండ్రి పడిన ఇబ్బంది చూస్తూ పెరిగిన పిల్లవాడు. పెద్దయి చెవి సర్జన్ అయ్యాక, ఆ చుట్లలోకి ఎలక్ట్రోడ్ల తీగను దెబ్బ తగలకుండా ఎలా దూర్చాలో తోచక చాలాకాలం ఇబ్బంది పడ్డారు. 1977లో సముద్రపు ఒడ్డున సెలవులు గడుపుతూ, మెలికలు తిరిగిన గవ్వలోకి గడ్డిపోచ దూర్చి చూశారు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న గడ్డిపోచ చుట్టంతా తిరిగి లోపలికి పోయింది. తీగనూ అలాగే చేయించారు. 1978 ఆగస్టు 1న మొదటి ఆపరేషన్ జరిగింది. దానికి కొన్ని నెలల ముందే, 1977 డిసెంబరులో వియన్నాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హోఖ్‌మెయిర్ దంపతులు తయారు చేసిన మల్టీ ఛానెల్ ఇంప్లాంట్‌ను ఒకరికి అమర్చారు. ఇంగెబోర్గ్ ఎలక్ట్రికల్ ఇంజినీర్, అప్పటికి ఇరవైల్లోనే ఉన్నారు.

అప్పటికీ ఒక చిక్కు మిగిలింది. కాక్లియా లోపలంతా ఉప్పదనం ఉన్న ద్రవం. ఎలక్ట్రోడ్లన్నీ ఒకేసారి పనిచేస్తే వాటి కరెంట్లు ఆ ద్రవంలో కలిసిపోయి మాట గజిబిజి అయ్యేది. అమెరికాలో బ్లేక్ విల్సన్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీర్ బృందం, కూడలిలో ట్రాఫిక్‌ను ఒక్కో వైపు నుంచీ వదిలినట్టు, ఎలక్ట్రోడ్లను వంతులవారీగా సెకనుకు వందల సార్లు తట్టే పద్ధతి కనిపెట్టి 1991లో ప్రచురించింది. ఆపరేషన్ మారలేదు, తీగ మారలేదు. లెక్క మారింది, అంతే. మాట విని అర్థం చేసుకోవడం చాలామందికి ఒక్కసారిగా మెరుగుపడింది. 2013లో క్లార్క్, ఇంగెబోర్గ్ హోఖ్‌మెయిర్, విల్సన్ ముగ్గురికీ కలిపి వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఒక సర్జన్, ఇద్దరు ఎలక్ట్రికల్ ఇంజినీర్లు. ఎవరూ కాక్లియర్ ఇంప్లాంట్ అనే కోర్సు చదవలేదు. తలా ఒక విద్యను లోతుగా నేర్చి, వినపడని మనిషి పక్కన కూర్చుని పనిచేశారు. బాబు మెషిన్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ప్రాసెసర్‌లో శబ్దాన్ని ముక్కలు చేసేది సిగ్నల్ ప్రాసెసింగ్. మ్యాగ్నెట్‌తో అంటుకునే కాయిల్ చర్మం మీదుగానే కరెంటునూ సమాచారాన్నీ లోపలికి పంపుతుంది, అది ఆర్ఎఫ్, అంటే రేడియో తరంగాల విద్య. లోపలి చిప్ అనలాగ్ డిజైన్. నీరు చొరకుండా మూసిన టైటానియం డబ్బా, ఏళ్ల తరబడి ఒంట్లో ఉన్నా పాడవని ప్లాటినం ఎలక్ట్రోడ్లు మెటీరియల్స్ వాళ్ల పని. వీటిలో మొదటి మూడూ ఈసీఈలోనే ఉన్నాయి. అందుకే ఆ బ్రాంచ్ వైపు మొగ్గుతున్నాను. వాళ్ల నాన్నగారికి ఇంకో మాట చెప్పండి: అమ్మాయి మనసు మారినా, ఈసీఈ చదివితే సాఫ్ట్‌వేర్ దారీ ఉంటుంది, బెంగళూరులో చిప్ డిజైన్ దారీ ఉంటుంది. కంప్యూటర్ సైన్సే వచ్చినా నష్టమేమీ లేదు. గోలలోంచి మాటను వేరు చేసే సాఫ్ట్‌వేర్ పని ఎంతో ఉంది. కానీ సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు సొంతంగా కూర్చుని నేర్చుకోవాలి.

బయోమెడికల్ విషయంలో నన్ను ఒక బాధ వెంటాడుతుంటుంది. చాలా ఏళ్ల కింద ఒక అబ్బాయికి బ్రాంచ్ పేరు చూసి ఒక కాలేజీ సిఫారసు చేశాను. ల్యాబ్‌లో ఈసీజీ మెషిన్ ఒక్కటే ఉందని, అదీ పనిచేయదని వాడు చేరాక చెప్పాడు. ఆ నాలుగేళ్లు తిరిగి ఇవ్వలేను. అప్పటినుంచీ ఈ బ్రాంచ్ గురించి అడిగిన ప్రతివాళ్లతోనూ ముందు ల్యాబ్ చూసి రమ్మంటున్నాను. అన్నా యూనివర్సిటీ గిండీ క్యాంపస్ లాంటి చోట బయోమెడికల్ సీటు వస్తే నేనే సంతోషంగా చేరమంటాను. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో కటాఫ్ 200కి లెక్కేస్తారు, అందులో మ్యాథ్స్‌కే 100. కాబట్టి ఈ కొన్ని నెలలూ వాదన ఆపి మ్యాథ్స్ మీద కూర్చోమనండి. డిగ్రీ తర్వాత గేట్‌లో బయోమెడికల్‌కు వేరే పేపర్ ఉంది. ఐఐటీ మద్రాస్, తిరువనంతపురం శ్రీచిత్ర, వెల్లూరు సీఎంసీ కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ కూడా ఉంది. ఇంజినీర్లు ఆసుపత్రిలో తిరుగుతూ నేర్చుకునే చదువు అది, మీ అమ్మాయికి సరిపోతుందనిపిస్తోంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. పెద్ద ఇంప్లాంట్ కంపెనీలు ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, అమెరికాల్లో పుట్టినవి, అసలు డిజైన్ పని ఎక్కువగా అక్కడే. మన దగ్గర వాటి ఉద్యోగాలు చాలావరకు సర్వీసు, క్లినికల్ సపోర్ట్. అయితే దేశీయ ఇంప్లాంట్ కోసం డీఆర్‌డీఓ వాళ్ల విశాఖపట్నం ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ పనిచేసింది. ఐఐటీ మద్రాస్‌లో హెచ్‌టీఐసీ అనే కేంద్రం వైద్య పరికరాల మీదే పనిచేస్తోంది. ధర తగ్గితే ఎన్ని ఇళ్లకు మేలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకో దారి కూడా చెప్పాలి. బాబుకు మ్యాపింగ్ చేసే, అంటే ఒక్కో ఎలక్ట్రోడ్ స్థాయిని సరిచేసే ఆడియాలజిస్ట్ ఉద్యోగం. దానికి చదవాల్సిన బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల డిగ్రీ) నాలుగేళ్ల కోర్సు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. చెన్నైలో శ్రీరామచంద్రలో ఉంది, మైసూరులో ఏఐఐఎస్‌హెచ్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) ఉంది. పరికరం కన్నా పిల్లలే అమ్మాయిని ఎక్కువ లాగుతుంటే ఇదే సరైన చదువు, దీన్ని తక్కువగా చూడకండి.

ఇప్పుడు నీతో ఒక మాట, తల్లీ. లాప్‌టాప్‌లో పైథాన్ వేసుకుని అమ్మ గొంతు రికార్డ్ చెయ్యి. దాన్ని నాలుగు ఫ్రీక్వెన్సీ భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో హెచ్చుతగ్గులు మాత్రమే ఉంచి, ఆ హెచ్చుతగ్గులతో ‘హుష్’ మనే శబ్దాన్ని నడిపించు. 1995లో షానన్ బృందం ఇలాగే చేసి, నిశ్శబ్దంలో అయితే నాలుగు భాగాలతో కూడా వాక్యాలు అర్థమవుతాయని చూపించింది. తర్వాత ఎనిమిది, పదహారు చెయ్యి. ‘కల’కూ ‘కళ’కూ తేడా ఎన్ని భాగాల దగ్గర తెలుస్తోందో నీ చెవితోనే విను. తమ్ముడికి వినపడేది అచ్చంగా అదే అనుకోవద్దు, కానీ ఇంజినీర్ లెక్క ఎలా సాగుతుందో తెలుస్తుంది. పది రోజులు పట్టినా విసుగు రాకపోతే ఈ చదువు నీదే. వస్తే, వచ్చిందని అమ్మానాన్నలతో ధైర్యంగా చెప్పు. తమ్ముడి మీద నీకున్న ప్రేమకు ఇంజినీరింగ్ సీటు రుజువు కానక్కర్లేదు.

అమ్మా, ఈసారి బాబు మ్యాపింగ్‌కు అమ్మాయినీ, వీలైతే వాళ్ల నాన్ననూ తీసుకెళ్లండి. ఆడియాలజిస్ట్‌ను ముందే అడిగి, కంప్యూటర్ స్క్రీన్ కనపడేలా కూర్చోబెట్టండి. వరసగా నిలువు గీతలుంటాయి, ఒక్కోటి ఒక్కో ఎలక్ట్రోడ్. బాబుకు చప్పుడు మొదట తెలిసే స్థాయి కింద, హాయిగా వినగలిగే గరిష్ఠ స్థాయి పైన. ఒక గీతను కొంచెం పైకి జరిపినప్పుడు వాడి ముఖం ఎలా మారుతుందో ముగ్గురూ చూడండి. ఆ సాయంత్రం ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు రాయండి. కౌన్సెలింగ్ ఛాయిస్‌లు పెట్టే ముందు కాలేజీల వరస కలిసి చూద్దాం.