నాన్నని కారులో ఎక్కించుకోనా, వద్దా?

ప్రశ్న: నా వయసు 34. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఉద్యోగం. మాది నెల్లూరు జిల్లా. నాన్న నా చిన్నప్పటి నుంచీ తాగుతారు. సాయంత్రం గేటు చప్పుడుని బట్టి ఆ రోజు ఎంత తాగి వచ్చారో చెప్పేసేదాన్ని. తమ్ముణ్ణీ చెల్లెల్నీ వెనక గదిలోకి పంపేసేదాన్ని. 1992లో సారా కొట్లు మూయించడానికి వెళ్లిన ఆడవాళ్లలో అమ్మ కూడా ఉంది, అప్పుడు నేను చంకలో పిల్లనట. ఆరేళ్ల క్రితం అమ్మ పోయింది. పదకొండో రోజున నాన్న తాగొచ్చి కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు నాన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో తమ్ముడి దగ్గర ఉన్నారు. వియన్నాలో ఉన్న చెల్లెలి పాపకి వచ్చే నెల బారసాల. తమ్ముడికి సెలవు దొరకలేదు. ఒంటరిగా విమానం ఎక్కిస్తే నాన్న ఎయిర్‌పోర్టులోనే మొదలుపెడతారని భయం. "మీ ఇంటిదాకా నేను దింపుతాను, అక్కడి నుంచి నీ కారులో తీసుకెళ్లు అక్కా, ఎలాగూ వెళ్తున్నావుగా" అంటున్నాడు. నాన్న ఇప్పటికీ రోజూ తాగుతారు. "రెండు రోజుల ముందు నుంచి చుక్క ముట్టనివ్వను, నాదీ పూచీ" అని తమ్ముడి మాట. అయిదు గంటలు ఆయన పక్కన ఎలా కూర్చోను? క్షమించమంటే ఏం చెప్పను? అడగకపోతే ఎలా తట్టుకోను?

జవాబు: మీ ప్రశ్న కంటే ముందు మీ తమ్ముడి పూచీ గురించి మాట్లాడాలి. అందులో ప్రాణాపాయం ఉంది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి చేత ఉన్నట్టుండి మాన్పించకూడదు. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర రాకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేనివి కనిపించే పరిస్థితి రావచ్చు, దానివల్ల ప్రాణం పోయిన వాళ్లూ ఉన్నారు. లెక్క చూడండి. రెండు రోజులు ఆపించి మీ కారు ఎక్కిస్తే, సరిగ్గా ఆ గండం వేళకి మీరు రేగెన్స్‌బర్గ్, పస్సావ్ మధ్య హైవే మీద ఉంటారు, స్టీరింగ్ మీ చేతిలో ఉంటుంది.

తమ్ముడు ప్రేమతోనే అన్నాడు, అందులో అనుమానం లేదు. కానీ మాన్పించాలంటే డాక్టరు చూడాలి. మందులు ఇచ్చి, విటమిన్ బి1 ఇచ్చి, కొన్ని రోజులు కనిపెట్టుకుని ఉండి మాన్పిస్తారు. ఇంకా నెల సమయం ఉంది కాబట్టి తమ్ముణ్ణి ఈ వారమే తన ఇంటి దగ్గరి డాక్టరు దగ్గరికి నాన్నని తీసుకెళ్లమనండి. రోజుకి ఎంత తాగుతారో దాచకుండా చెప్పమనండి. వీసా కోసం తీసుకున్న ఇన్సూరెన్సు ఎలాగూ ఉంటుంది, కానీ చాలా పాలసీలు తాగుడు వల్ల వచ్చిన జబ్బులకి డబ్బు ఇవ్వవు, ఒకసారి చదువుకోమనండి. దారిలో ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనుషుల్ని పోల్చుకోలేకపోయినా 112కి ఫోన్ చేయాలి. జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ అదే నంబరు.

ఇక మీ సంగతి. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది గేటు చప్పుడు. తాగే తండ్రుల పిల్లలు చాలామంది నాకు ఇలాంటిదే చెప్పారు. ఒకరికి చెప్పుల చప్పుడు, ఇంకొకరికి స్కూటర్ ఆగిన తీరు. ఆ చప్పుడులోనే ఆ రాత్రి అన్నం తినగలరో లేదో చదువుకునేవారు. మీరు భయపడుతున్నది అయిదు గంటల మౌనానికి కాదేమో అనిపిస్తోంది. ఆ అయిదు గంటలూ ఆయన ఊపిరిని, కళ్లని, చేతుల్ని కనిపెట్టుకుంటూ మళ్లీ ఆ పదేళ్ల పిల్లగా మారిపోతానేమో అని మీ భయం. అది ఉత్త భయం కాదు, ఒళ్లు మర్చిపోని సంగతి.

ఇంకో మాట చెప్పాలి. మీ అమ్మగారి గురించి చదివినప్పుడు మనసు కలుక్కుమంది. మీ నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆ పోరాటం 1993లో సారాని ఆపించింది, 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం తెచ్చింది. 1997కల్లా నిషేధం ఎత్తేశారు. వేలమంది ఆడవాళ్లు, ఒక ప్రభుత్వం కలిసి ఆపలేకపోయినదాన్ని వెనక గదిలో తలుపు వేసుకున్న పిల్ల ఎలా ఆపుతుంది? ఆపలేకపోయానన్న బరువు మీలో ఇప్పటికీ ఉంటే, దాన్ని ఈ ప్రయాణంలోకి తీసుకురాకండి. తాగేవారి కుటుంబాల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ బృందాల్లో ఒక మాట చెప్పుకుంటారు: దీనికి కారణం నేను కాదు, దీన్ని నేను అదుపు చేయలేను, నయం చేయలేను. జర్మనీలోనూ ఆ బృందాలు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్‌లో కూడా కూర్చోవచ్చు. ప్రయాణానికి ముందు రెండు మూడు సార్లు వెళ్లి ఊరికే వినండి.

వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. "పెద్దవాడైపోయాడు, పోనీలే" అని బంధువులు అంటారు. తాగుడు జబ్బే, అది నిజం. ఆ జబ్బు వల్ల మీ బాల్యం పోయిందన్నదీ అంతే నిజం. పదకొండో రోజున ఆయన ఎందుకు తాగారో నాకు తెలియదు, దుఃఖం వల్లే కావచ్చు. అయినా అమ్మ పీట ముందు కూర్చున్న మీకు ఆ రోజు తండ్రి అవసరం, ఆ తండ్రి లేడు. అది మర్చిపొమ్మని నేను చెప్పను.

వెళ్లాలనుకుంటే మాత్రం షరతులు మీవి. తమ్ముడికి ఈ వారమే స్పష్టంగా చెప్పండి: కారులో సీసా ఉండకూడదు. దింపేసరికి నాన్న తాగి ఉంటే నేను ఎక్కించుకోను, నువ్వే వెనక్కి తీసుకెళ్లాలి. డాక్టరు కొద్ది కొద్దిగా తగ్గించమంటే దాన్ని మనం కలిసి ఆలోచిద్దాం. అతను "అలాగే అక్కా" అంటే సరిపోదు, అవసరమైతే ఆ రోజు నిజంగా వెనక్కి తిరిగి వెళ్లడానికి సిద్ధపడాలి. పెట్రోలు బంకుల్లో బీరు దొరికే దేశం అది, ఆగిన ప్రతిచోటా ఫ్రిజ్ ఎదురుగానే ఉంటుంది. కాఫీ ఫ్లాస్కు, పెరుగన్నం కట్టుకుని వెళితే లోపలికి వెళ్లే పని తగ్గుతుంది.

నిజానికి నాకు రైలే నచ్చుతోంది. న్యూరెంబర్గ్ నుంచి వియన్నాకి మామూలుగా నేరుగా రైలుంటుంది, దాదాపు అయిదు గంటలు. చుట్టూ మనుషులుంటారు, మీ చేతిలో స్టీరింగ్ ఉండదు. ఊపిరాడకపోతే లేచి పక్క పెట్టెలో పది నిమిషాలు నిలబడవచ్చు. కారులో ఆ వీలు లేదు.

క్షమించమని అడిగితే ఏం చెప్పాలన్నారు. "విన్నాను నాన్నా" అంటే చాలు. అప్పటికప్పుడు తీర్పు చెప్పాల్సిన పని లేదు, కావాలంటే ఏడాది తర్వాత చెప్పవచ్చు. అడగకపోవడమే ఎక్కువ జరుగుతుందని నా అనుభవం. ఆ తరం మగవాళ్లకి ఆ మాట నోటికి రాదు. "ఎంతసేపటి నుంచి నడుపుతున్నావమ్మా, కాసేపు ఆపు" అనొచ్చు, నీళ్ల సీసా మూత తీసి ఇవ్వొచ్చు. దాన్ని క్షమాపణ కింద జమ వేసుకోనక్కర్లేదు, తోసిపారేయనూ అక్కర్లేదు. అమ్మ గురించి మీరే అడగాలనిపిస్తే అడగండి, కానీ వియన్నా ఇంకో గంటలో వస్తుందనగా మొదలుపెట్టకండి. బాలింత ఇంటికి ఆ కన్నీళ్లతో వెళ్లాల్సి వస్తుంది.

చెల్లెలికి ఫోన్ చేసి ఇదంతా ఇప్పుడే చెప్పండి. నాన్న కూడా రావచ్చని, మీరొక్కరే రావచ్చని కూడా.