సోలతో కొలిచే మందుకు కాటా ఎందుకు?

ప్రశ్న: మాది కావలి. మా మేనల్లుడు పెన్సిల్వేనియాలో ఉంటాడు. అక్కడి షూటింగ్ రేంజ్‌లో .50 కాలిబర్ (అర అంగుళం గొట్టం) మజిల్‌లోడర్ తుపాకీతో గురి కొడుతుంటాడు. గొట్టం ముందు నుంచి తుపాకీమందు పోసి, గుడ్డముక్కతో గుండు కూరే పాతకాలపు రకం. ఏ లోడుకు, అంటే ఎంత మందు పోస్తే, గుండ్లు దగ్గరగా పడుతున్నాయో తేల్చమని టార్గెట్ కాగితాల ఫోటోలు వాట్సాప్‌లో పంపుతాడు. స్కేలు పెట్టి కొలిస్తే ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తోంది. మంచి యాప్ ఏది? మందు తూచడానికి కంసాలి కాటా ఒకటి తెమ్మంటున్నాడు, కొనమంటారా?

జవాబు: కాటా కొనకండి. ఈ తుపాకుల్లో పోసే మందును బ్లాక్ పౌడర్ అంటారు, దాని లెక్క గ్రెయిన్లలో చెబుతారు. 1 గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు కాబట్టి తూకమే అనుకుంటాం. కానీ ఈ తుపాకులకు మందును కొలపాత్రతో పోస్తారు, మన సోల, గిద్దల్లాగే. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయ మందులు అదే పాత్రకు తక్కువ తూగుతాయి. సోలెడు మొలగొలుకులు, సోలెడు బొరుగులు ఒకే తూకం రావు కదా! బియ్యమంత తూకానికి బొరుగులు పోస్తే సోల పొర్లిపోతుంది. గొట్టంలో అయితే మోతాదు మించుతుంది. ఎంతవరకు పోయొచ్చో తుపాకీ కంపెనీ పుస్తకంలో చూసుకోమనండి. నేటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ జోలికి మాత్రం అస్సలు పోవద్దని చెప్పండి, గొట్టం పగిలిపోతుంది. (ఇది చదివి ఇక్కడెవరూ ఉత్సాహపడకండి, మన దగ్గర వీటికీ లైసెన్సు కావాలి.)

ఇక ఫోటోలు. తప్పు మీ స్కేలుది కాదు. ఏటవాలుగా తీసిన ఫోటోలో గుండ్రటి వలయం కోడిగుడ్డులా సాగుతుంది. కాగితాన్ని బల్లమీద పరిచి, పక్కన అమెరికా క్వార్టర్ నాణెం పెట్టి, సరిగ్గా పైనుంచి తీయమనండి. దాని వ్యాసం 24.26 మి.మీ., అదే మీ కొలబద్ద. డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించదు.

యాప్ కన్నా ఎక్సెల్ షీట్ మేలు. ప్రతి రంధ్రానికి అడ్డం, నిలువు దూరాలు రాయండి. వాటి సగటు తీస్తే గుంపు మధ్యబిందువు తెలుస్తుంది. అక్కడి నుంచి ఒక్కో రంధ్రం ఎంత దూరమో లెక్కగట్టి, ఆ దూరాల సగటు చూడండి. మూడు గుండ్లు కాల్చి బయటి రెండింటి మధ్య కొలిస్తే, చెయ్యి ఒక్కసారి వణికినా మంచి లోడు చెడ్డదైపోతుంది. లోడుకు కనీసం పది గుండ్లన్నా కాల్చమనండి.

మందు 5 గ్రెయిన్ల చొప్పున మారుస్తున్నప్పుడు గుండు, గుడ్డ మార్చకూడదు. 0.490 అంగుళాల గుండు, 0.015 అంగుళాల మందం గుడ్డతో మొదలుపెడితే చివరిదాకా అవే. గుండుకీ గుండుకీ మధ్య గొట్టం తుడిచాడా లేదా అన్నదానికి ఒక కాలమ్ తప్పక పెట్టండి. మసి పేరుకున్న గొట్టంతో కాల్చినవీ, శుభ్రం చేసి కాల్చినవీ ఒకే వరసలో కలిపితే ఆ షీట్ ఎందుకూ పనికిరాదు.

ఇంకో మాట. కాల్చాక ఆ గుడ్డముక్క కొద్ది దూరంలోనే పడి ఉంటుంది. ఏరి, దాని ఫోటో కూడా పంపమనండి. అది చిరిగో, చిల్లులు పడి కాలిపోయో ఉంటే లెక్కలు ఆపేసి ముందు గుడ్డ మార్పించండి.