నారు కదలడం లేదని యూరియా వేయకు, బిడ్డా

బిడ్డా,

హనుమకొండ నుంచి నువ్వు పంపిన ఫోటోలు రెండుసార్లు చూసిన. మిరప, వంగ రెండూ నెల దాటినా రెండు ఆకుల దగ్గరే ఆగాయి, యూరియా వేయనా అని అడిగావు. వద్దు. మందు సంగతి తర్వాత, ముందు వేరు చూడు.

నారు పోసిన ట్రే అడుగున రంధ్రంలో పుల్లతో మెల్లగా పొడిచి ఒక మిరప మొక్కను ముద్దతో సహా పైకి తియ్యి. వేరు తెల్లగా, దారపు పోగుల్లా ఉంటే వేరు బాగానే ఉంది, మొక్క చలికి ముడుచుకుని ఉంటుంది. గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే తోలు ఊడివస్తే నీళ్లు ఎక్కువై కుళ్లుతోందని అర్థం. నీ ఫోటోలో ట్రేలో మట్టికి బదులు నింపిన కొబ్బరి పొట్టు తడితో నల్లగా మెరుస్తోంది, నాకు అక్కడే అనుమానం. పైపొర పొడిబారి, వేలు గుచ్చితే లోపల కొంచెం తడి తగిలినప్పుడే నీళ్లు పోయాలి. అదీ పొద్దెక్కాక. తెల్లవారుజామున ట్యాంకులోంచి వచ్చే చల్లటి నీళ్లు పోస్తే వేరు ఇంకా బిగుసుకుపోతుంది.

మిరప గింజ మొలవాలంటే 25 నుంచి 30 డిగ్రీల వేడి కావాలి. రాత్రి 15కు దిగితే మొలిచిన మొక్క కూడా నిద్రపోయినట్టే. అందుకే మా నర్సంపేట దిక్కు పొలం నారు వానాకాలంలోనే పోస్తాం. నువ్వు కార్తీకం పోయాక పోశావు, మొక్కను తిట్టి ఏం లాభం? ట్రేలను పిట్టగోడ నీడలోంచి తీసి, పొద్దున్నుంచి ఎండ పడే చోట ఇటుకల మీద పెట్టు. రాత్రి పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ కప్పు. పొద్దున మాత్రం మర్చిపోకుండా తీసెయ్, లేకపోతే లోపల చెమ్మ నిలిచి మొదళ్లు మెత్తబడి పడిపోతాయి. దాన్నే నారు కుళ్లు అంటాం.

కొబ్బరి పొట్టులో మొక్కకు తిండి పెద్దగా ఉండదు. రెండు అసలు ఆకులు వచ్చాయి కాబట్టి, కొత్త చిగురు కదిలాక 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీళ్లకు ఒక గ్రాము కలిపి వారానికోసారి పోస్తే చాలు. ఒక ఏడు నేను తొందరపడి నారుమడి మీద గుప్పెడు యూరియా చల్లిన. మూడోరోజుకు ఆకుల అంచులు మాడిపోయాయి. సగం మడి పోయింది, మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

వేడి తగిలితే వంగ ముందు లేస్తుంది, దాన్ని చూసి మిరపను తొందరపెట్టకు. వంగ ఆకు జల్లెడలా అయితే అడుగు భాగం తిప్పి చూడు, ముళ్లున్న పసుపు పిల్లపురుగులు కనిపిస్తాయి. అక్షింతల పురుగు పిల్లలవి. ఇంటి ట్రేలకు మందు ఎందుకు, వేళ్లతో నలిపెయ్. మిరప ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి వంగితే నల్లి. రెండూ ఆకు రసం పీల్చే సన్న పురుగులే. రెండిటికీ ముందు వేపనూనె కొట్టి చూడు.

అన్నట్టు, మిరపలో మన వరంగల్ దిక్కు చపాట రకం గింజలు పోశానన్నావు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినప్పటి నుంచి ఆ లావు ఎర్రకాయ అందరికీ కావాలి. కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చడికి బాగుంటుంది.

సంక్రాంతి దాటితే ఎండ ముదురుతుంది. ఐదారు ఆకులు, బెత్తెడు ఎత్తు వచ్చాక కుండీల్లోకి మార్చు. దానికి వారం ముందు నుంచి నీళ్లు తగ్గించు, నాటడం సాయంత్రం పెట్టుకో.

రేపు పొద్దున వేరు ఫోటో పంపు. నీళ్లు పోయకముందే తీయాలి సుమా.

మీ పెద్దబాపు